మేడం బుట్టల కొసరు

మా తోటల కొసరు ఎయ్యద్దని మా బిడ్డ మహిమ కానూను పెట్టింది. నాకు గది మొదటి నుంచే మింగుడు పడలే.

మా అవ్వగారోళ్ళు కూరగాయలు అమ్ముకొని బతికినోళ్ళు. తూకం అయినంక పిడికెడు మిరపకాయలో, ఒక కొత్తిమీర కట్టో సంచిల పడెయ్యకుంటే ఆ బేరానికి బర్కత్ ఉండదని మా అవ్వ అంటుండె. మహిమ వ్యవసాయం డిప్లొమా చదివి వచ్చి, చెన్నూరు రోడ్డు పక్కన మాకున్న చెలుకల బుట్టల పద్ధతి మొదలుపెట్టింది. మంచిర్యాల దిక్కు కాలనీలల్ల ఉండే బొగ్గుబాయి కుటుంబాలు ముందుగాలనే పేరు చెప్పి పైసలు కట్టుకుంటరు. వానకాలం నుంచి ఎండలు ముదిరేదాక ప్రతి శనివారం ఒక్కొక్క బుట్ట వాళ్ళ ఇంటికి పోతది. ఆ వారం తోటల ఏది కాస్తే అదే. బెండకాయ మస్తుగ కాస్తే అందరికీ మస్తు. వడగండ్లు పడితే అందరికీ కొంచెమే.

"అన్నదమ్ములు పాలు పంచుకున్నట్టు పంచాలె అవ్వా. ఒక బుట్టల ఎక్కువ పడ్డదంటే ఇంకో బుట్టల తక్కువ పడ్డట్టే" అంటది మహిమ.

"నాలుగు మిరపకాయలకు ఎవల కొంప మునుగుతదే?" అని నేను నవ్వుతుంటి.

ఇగ మా పిలగాని ముచ్చట చెప్పాలె. మా ఇంటాయన దేవసహాయం చానా ఏండ్లు బాయిల చేసిండు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులల్ల కూసున్నది, పనికి పనికిరాడని ఇంటికి పంపిండ్రు. ఆయన నౌకరి మా కొడుకు జేమ్స్‌కు వచ్చింది. చర్చిల పాస్టరయ్య ప్రార్థన చేసిండు, కేకు కోసిండ్రు. ఆ కేకు ముక్క నా గొంతు దిగలే. నా గుణమే గంత. మబ్బు పడితే పిడుగు మా ఇంటి మీదికే వస్తదనుకుంట. ఫోన్ మోగితే ఎత్తేకన్న ముందు కూసునే జాగ చూసుకుంట.

అనుకున్నట్టే జేమ్స్‌ను లోపలి పనికి ఏసిండ్రు. పొద్దున టిఫిన్ డబ్బ పట్టుకొని పోయిన పోరడు మళ్ళ బాయి ఎక్కి ఇంటికి వచ్చేదాక నాకు బువ్వ సైసకపోతుండె.

"నేను దిగినన్ని రోజులు నీకు గింత ఫికర్ లేకుండె గదనే?" అన్నడు మా ఆయన మంచంల నుంచి.

"నువ్వు మీ అవ్వ కన్నోడివి. వాడు నేను కన్నోడు" అన్న.

నవ్వబోయిండు, దగ్గు తెర పట్టుకున్నది.

ఎవల డ్యూటీ ఎక్కడో ఏసే సారు భార్య జ్యోతిరాణి మేడం మా బుట్ట తీసుకునేటోళ్ళల్ల ఒకామె. గీ సంగతి నాకు ఎరుకైన వారం, ఆమె బుట్టల పాలకూర కింద మా నాటుకోళ్ళ గుడ్లు పెట్టిన. గుడ్లు మా ఇంటియి, తోటయి కావు, ఎవల పాలూ తగ్గదు, పాపం లేదనుకున్న. తర్వాత వారం లేత బీరకాయలు ఏరి అండ్ల ఏసిన. ముదురుయి పక్క బుట్టలల్ల సర్దిన. గప్పుడు ఏమనుకున్ననంటే ఏమీ అనుకోలే. అనుకోకుంట ఉండాలనే చేతులు జల్ది జల్ది ఆడించిన.

బుట్టలు పంచనీకె నేను ఎన్నడూ పోయేదాన్ని కాదు. ఒక శనివారం మహిమకు జరం వచ్చిందని ట్రాలీ ఆటోల నేనే పోయిన. మేడం గేటు కాడికి వచ్చింది.

"బుట్టలో వచ్చే గుడ్లు మీ కోళ్ళవేనా అమ్మా? మా బాబు షాపు గుడ్డు ముట్టడు, వాసనంటాడు. ఇవైతే అడిగి మరీ తింటున్నాడు."

"మా కోళ్ళయే మేడం. తిననియ్యండ్రి." బుట్ట నా చేతులనే పెట్టుకొని నిలబడ్డ. "మా పిలగాడు జేమ్స్ మీ సారు కిందనే కొత్తగ ఎక్కిండు. వాళ్ళ బాపు లెక్కనే వానికి దుమ్ము పడది మేడం. రాత్రంత ఒకటే ఆయాసం, ఎగపోత. జర సారుకు చెప్పుండ్రి."

జేమ్స్‌కు ఏ ఎగపోతా లేదు. బండరాయి తిన్నా అరిగే ఒళ్ళు వానిది. గా అబద్ధం నా నోట్లకు ఎట్ల వచ్చిందో, గంత నున్నగ ఎట్ల జారిందో.

"అలాగా" అన్నది మేడం. బుట్ట అందుకొని లోపలికి పోయింది. గంతే.

కొన్ని రోజులకు జేమ్స్ ఇంటికి వచ్చి, చెప్పులన్న ఇడువకుంట చెప్పిండు. "అవ్వా, నన్ను ల్యాంప్ రూమ్‌కు ఏసిండ్రు." బాయి దిగేటోళ్ళకు టోపీకి పెట్టుకునే దీపాలు ఇచ్చే రూమ్ అది. భూమి మీద ఉంటది. "నేనైతే అడుగలే. ఎందుకేసిండ్రో ఎరుకలే."

"ప్రభువు చూసిండు బిడ్డా" అన్న. ఆ పూట కడుపు నిండ తిన్న.

తర్వాత శనివారం బుట్టలు కట్టనీకె కూసున్నం. అనసూర్య ఎప్పటి లెక్కనే నా ఎదురుంగ కూసున్నది. కాలనీల ఉంటది. వాళ్ళాయన రాజేశం బాయిలనే చేస్తడు. బుట్టకు సగం పైసలు కట్టి, మిగిలిన సగానికి శనివారాలు వచ్చి మాతోని పని చేస్తది. ఆమె ఉంటే షెడ్డంత నవ్వులే.

"ఏం సంతోషక్కా, గా వంకాయను గంతసేపు తిప్పి తిప్పి చూస్తున్నవ్? పిల్లను చూడవోయినవా ఏంది?"

మహిమ పకపక నవ్వింది. నేను కూడ నవ్విన.

"ఇగ మా ఇంట్ల ముచ్చట ఇన్నవా?" అన్నది అనసూర్య చిక్కుడుకాయలు ఏరుకుంట. "మా ఆయనను మళ్ళ కిందికి దింపిండ్రు. మూడేండ్ల నుంచి ల్యాంప్ రూమ్‌ల కాళ్ళు చాపుకొని కూసున్నడు గదా, ఇగ నడుములు వంగుతలేవంట. మీ జేమ్స్‌నే ఏసిండ్రంట ఆయన జాగల."

నా చేతుల వంకాయ చేతులనే ఉన్నది.

"పోనీ తీ అక్కా. ఎవడన్న పైరవీగాడైతే నా కడుపు మండేది. జేమ్స్ మనోడు, గసొంటోడు కాడు."

"కాడు" అన్న. గా ఒక్క మాట నిజమే. వాడు గసొంటోడు కాడు.

గప్పుడే చెప్పేది ఉండె. చెప్పలే. చెప్పకపోతిని పో, ఆ శనివారం గుడ్లన్న ఆపేది ఉండె. ఆపితే మేడంకు కోపమొచ్చి నా కొడుకును మళ్ళ దింపుతరని భయం. అనసూర్య కొత్తిమీర కడుగనీకె నల్ల కాడికి లేచి పోయినప్పుడు ఇంకో నాలుగు ఎక్కువ పెట్టిన.

ఒకనాడు మెంతికూర మడిల కలుపు తీస్తుంటే ఫోన్ మోగింది. జేమ్స్ పేరు చూసి ఆ బురదల్నే కూలవడ్డ.

"అవ్వా, నేను మంచిగనే ఉన్న" అన్నడు ముందుగాల. నా సంగతి వానికి ఎరుక. "లోపల రాజేశమన్న మీద బండ పడ్డది."

"దేవునికి స్తోత్రం" అన్న నేను.

నేనేమన్ననో నాకు అప్పుడు సమజైంది.

"అవ్వా, కాలు చితికిందంటున్నరు. దవాఖానకు తీసుకపోయిండ్రు."

"అయ్యో బిడ్డా, అయ్యో" అన్న. గది రెండో మాట. మొదటి మాట ఏదో ప్రభువు ఇన్నడు, నా కొడుకు ఇన్నడు.

రాజేశంకు మోకాలి కిందికి తీసేసిండ్రు. అనసూర్య పనికి రాలేదు. ఆమె రాకున్నా బుట్ట పంపుదామన్నది మహిమ. నేను గా బుట్టల వంగి వంగి నింపిన. టమాటలు, ఆలుగడ్డలు, తొలి కాత గోకరకాయ. ఎంత ఏసినా నిండినట్టు అనిపియ్యలే. ఒక శనివారం ఆటోకు ఎక్కించబోయి మహిమ ఆ బుట్టను మళ్ళ కింద పెట్టింది.

"గిదేంది అవ్వా? రెండు బుట్టల బరువున్నది."

"వాళ్ళు కష్టంల ఉన్నరు గదనే."

"ఇయ్యాలనుకుంటే మనింటికి తీసుకున్నదాంట్ల నుంచి ఇద్దాం. పక్కోళ్ళ బుట్టల నుంచి తీసి ఇచ్చుడు ఏం దానం? ఆగు, ఎవల దాంట్ల ఎంత తగ్గిందో చూస్త."

"వద్దు బిడ్డా, పొద్దు పోతుంది…"

ఇనలే. ఒక్కొక్క బుట్ట ఇప్పి చూసుడు మొదలుపెట్టింది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ. మేడం బుట్టల పాలకూర ఎత్తింది. కింద గుడ్లు, వరిగడ్డి చుట్టి పెట్టినయి, మెత్తగ.

"మేడంకు గుడ్లెందుకు?"

మా బిడ్డ తెలివిగల్లది. గుడ్ల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. ముఖం తెల్లగైంది.

"తమ్ముని ల్యాంప్ రూమ్ డ్యూటీ… గిందుకేనా? రాజేశమన్న గట్లయినంక కూడ పెడుతున్నవా అవ్వా?"

"ఆపితే వాన్ని దింపుతరు."

"వానికి ఎరుకనా?"

"లేదు."

అరుస్తదనుకున్న. అరువలే. బుట్టలన్ని మళ్ళ తూకం ఏసి సరి చేసింది. పోయేటప్పుడు అన్నది, "నేను ఎవలకూ చెప్ప. నువ్వే చెప్పుకో. ముందుగాల అనసూర్యక్కకు."

మరునాడు చర్చి అయినంక అటే పోయిన. దారి పొడుగునా ఏం తిడతదో అనుకుంట పోయిన. జుట్టు పట్టుకున్నా పడాలె అనుకున్న. అనసూర్య ఇంట్ల ముందటి అర్రల రాజేశం మంచం మీద కూసున్నడు. కాలు దిక్కు దుప్పటి కప్పిండ్రు. నా కండ్లు అటే పోతున్నయి.

"రా అక్కా, చాయ్ పెడత" అన్నది అనసూర్య.

"చాయ్ వద్దు. నా మాట ఇను" అని నిలబడే చెప్పిన. గుడ్లు, బీరకాయలు, గేటు కాడి అబద్ధం, అన్ని. ఫోన్ల అన్న స్తోత్రం ఒక్కటి చెప్పలే. గది నోరు దాటి రాలే.

రాజేశం దుప్పటి సర్దుకున్నడు.

"గుడ్లా?" అన్నది అనసూర్య. "ఉత్త గుడ్లకేనా?"

ఆమె ఏమంటుందో నాకు తెల్వలే.

"నేను పుంజును ఇచ్చిన అక్కా. ఉట్నూర్ దిక్కు మా అన్న ఇంటి నుంచి పుంజు, డబ్బెడు నెయ్యి. మూడేండ్ల కింద, గదే సారుకు. ఈయన ల్యాంప్ రూమ్‌ల ఊకెనే కూసున్నడా మరి?"

"కోడి మీద గుడ్డు గెలిచింది" అన్నడు రాజేశం. నవ్వుదామనే అన్నడు. ఎవలకూ నవ్వు రాలే, ఆయనకు కూడ.

"గప్పుడు ఈయన జాగల దశరథం దిగిండు" అన్నది అనసూర్య. "పక్క లైన్ల ఉంటడు, మంచిగనే ఉన్నడు. ఏం కాలే గన్క నాకు ఎన్నడూ యాదికి రాలే. నువ్వు వచ్చి గీ ముచ్చట చెప్పేదాక రాలే."

"నన్ను తిట్టు చెల్లె" అన్న.

"తిడుత. నా పాపం నాకు యాది లేని నాడు తిడుత. ఇయ్యాల నోరు లేస్తలేదు." కొంగుతోని ముఖం తుడుచుకున్నది. "ఒక్కటి చెప్త. నీ కొడుకు దిగాలని నేను అన, అంటే పురుగులు పడి పోత. గని గా బరువు బుట్టలు పంపకు. ఎత్తుకుంటుంటే ఏదో తప్పు చేసినోళ్ళ మూట లెక్కున్నది అనుకున్న. మా పాలు ఎంతో అంతే పంపు."

ఇంటికి వచ్చి జేమ్స్‌కు చెప్పిన. తల వంచుకొని ఇన్నడు. వాడు కోపానికి రావాలె, నేను ఏడువాలె అనుకున్న. గట్ల కాలే.

"గా పొద్దు రాజేశమన్నకు దీపం నేనే ఇచ్చిన అవ్వా" అన్నడు. "'అన్నా, నీ జాగల కూసున్న, కోపమా?' అని అడిగిన. 'నీకు ఇంకా పెండ్లి కాలే, కూసో' అన్నడు."

బువ్వ ముందట పెట్టిన. మెతుకు ముట్టకుంటనే చెయ్యి కడుక్కొని లేచిపోయిండు.

ఆ శనివారం అందరి బుట్టలు ఒక్కతీరుగ కట్టినం. గుడ్లు పెట్టలే. మహిమ పంచి వచ్చి, మేమందరం తినబోతుంటే ఆమె ఫోన్ మోగింది. జ్యోతిరాణి మేడం. మహిమ స్పీకర్ పెట్టి నా ముందట పెట్టింది.

"మహిమా, ఈసారి గుడ్లు మర్చిపోయినట్టున్నారు?"

మహిమ నా దిక్కు చూసింది. జేమ్స్ చూస్తలేడు.

"నేను మేడం, సంతోషమ్మను. గుడ్లు బుట్ట లెక్కల లేవు. నేనే చాటుగ పెట్టిన. ఇగ రావు."

"అయ్యో, నేను బుట్టలో భాగమే అనుకున్నానమ్మా. ముందే చెబితే డబ్బులిచ్చేదాన్ని కదా." గొంతుల కోపం లేదు. నిజంగనే నొచ్చుకున్నట్టున్నది. నేను ఇన్ని రోజులు ఎవలకు భయపడ్డ? "అన్నట్టు మీ అబ్బాయికి ఎలా ఉంది? దుమ్ము పడదన్నారుగా, ఆ రోజే మా ఆయనకు గట్టిగా చెప్పాను."

ఇక్కడ ఊకుంటే అయిపోయేది. మంచిగున్నడు మేడం, మీ దయ అంటే, గుడ్లు లేకున్న నా కొడుకు భూమి మీదనే ఉండేటోడు. గది నాకు సమజైంది. జేమ్స్ తల ఎత్తిండు. వాడు నన్ను ఏమీ అడుగుతలేడు, ఉత్తగ చూస్తుండు.

"వానికి ఏ రోగం లేదు మేడం" అన్న. "దుమ్ము పడదన్నది అబద్ధం. వాడు దిగుతడని భయానికి చెప్పిన."

"అలాగా" అన్నది మేడం. "సరే. మా ఆయనకు చెబుతాను."

ఫోన్ పెట్టేసింది. ఆ మాటలను ఎనుకకు గుంజుకోనీకె దారి ఉంటే గుంజుకుందును. మళ్ళ ఫోన్ చేసి ఇంకో అబద్ధం చెప్తునో ఏమో, మహిమ ఫోన్ తీసి జేబుల ఏసుకున్నది.

జేమ్స్ కంచం దగ్గరికి జరుపుకున్నడు. "పుంటికూర ఇంకింత ఎయ్యి అవ్వా" అన్నడు.

కొత్త వారం లగాయించి వాన్ని మళ్ళ లోపలికి ఏసిండ్రు. ల్యాంప్ రూమ్‌కు ఎవలను ఏసిండ్రని అడుగలే. వాళ్ళ ఇంట్ల ఎవలు ఏం ఇచ్చిండ్రో తెలుసుకోబుద్ధి కాలే. నేను చేసింది సక్కనిదని మా ఆయన అన్నడు. నాకైతే సక్కనిది అనిపిస్తలేదు. ముందు ఒక మొగన్ని దింపిన, తర్వాత నా కొడుకును దింపిన. రెండూ నా నోటితోనే.

శనివారం వచ్చింది. జేమ్స్ మొదటి షిఫ్ట్‌ల దిగిండు. షెడ్డుల బుట్టలు పరుస్తుంటే బయట ఆటో ఆగింది, అనసూర్య దిగింది. రాజేశం కాడ ఆయన చెల్లె ఉన్నదంట. వచ్చి ఎప్పటి లెక్కనే నా ఎదురుంగ కూసున్నది. నవ్వులు లేవు గని, చిక్కుడుకాయలు ముందట ఏసుకున్నది.

తట్టల ఉన్న టమాటలనే అటొకటి ఇటొకటి జరుపుతున్న.

"జేమ్స్ ఎప్పుడు బాయి ఎక్కుతడు?" అన్నది.

"పగటి బువ్వ యాల్ల దాటినంక."

"మొదటి వారం గట్లనే ఉంటది."

"తర్వాత తగ్గుతదా?"

"తగ్గది" అన్నది. "అలవాటైతది, గంతే. గా ముదురు బీరకాయ నా బుట్టల ఎయ్యకే అక్కా, కొయ్య లెక్కున్నది."

"అందరికీ ఒక్కొక్కటి వస్తుంది."

"అబ్బో! బిడ్డ లెక్కనే మాట్లాడుతున్నవ్."

కట్టుకుంట కట్టుకుంట మేడం బుట్ట నా ముందుకు వచ్చింది. బీరకాయలు చేతుల పట్టుకున్న. లేతయి రెండు నా వేళ్ళ కిందికి వాటంతట అవే వచ్చినట్టు వచ్చినయి. అవతల కోళ్ళ గంప ఉన్నది. ఇప్పుడన్న పెడితే? మేడం, తప్పయిందని ఇంకొక్కసారి అడిగితే? గిట్ల అనుకోలేదంటే గది ఇంకో అబద్ధమైతది. నా కొడుకు గీ గడియల భూమి కింద ఉన్నడు.

అనసూర్య నా చేతుల దిక్కు చూస్తుంది. ఆమెకు చెప్పే పని లేదు, ఆ చేతులు ఆమెకు ఎరుకనే. వంగి, నా ముందటి బుట్టను తన దిక్కు గుంజుకున్నది.

"గిది నేను కడత. నువ్వు గా కొత్తిమీర చూడు."

ఇచ్చిన. ముదురుది ఒకటి, లేతది ఒకటి, అందరికి వచ్చినట్టే ఏసి, పైన పాలకూర పరిచి, మూత కట్టింది. గది ఆటో ఎక్కేదాక నేను కొత్తిమీర కట్టల మీది నుంచి తల ఎత్తలే.